లెక్కకు రాని నష్టం

బాబూరావు పెట్రోలు ఎన్నడూ ఇన్ని రూపాయలకని కొట్టించడు. ఫుల్ ట్యాంకే. నాజిల్ టక్కుమని తనంతట తాను ఆగినచోట ఆపించి, ఇంకో చుక్క కూడా వద్దంటాడు. మళ్లీ ఆదివారం అదే బంకు, అదే గన్ను, అదే టక్కు. మధ్యలో తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. డ్యాష్‌బోర్డు మీద వెలిగే అంకెను అతను నమ్మడు. అది బండి తన గురించి తాను చెప్పుకునే మాట. తమ గురించి చెప్పుకునేటప్పుడు ఎవరైనా ఒకటో రెండో ఎక్కువే చెప్పుకుంటారు.

పాల్వంచ బంకులో ఆ ఆదివారం ఫోనులో భాగహారం చేసి, పక్క సీట్లో ఉన్న భార్య వైపు తిరిగాడు.

"మల్ల పదకొండే. కంపెనీ చెప్పింది పదిహేడు. ఆరు కిలోమీటర్లు ఎటు పోయినయ్ జ్యోత్స్నా?"

"బ్రిడ్జి మీద జామ్," అంది జ్యోత్స్న, అద్దంలోంచి బయటికి చూస్తూ.

ఆమె పనిచేసే బ్యాంకు భద్రాచలంలో, గోదావరికి అవతల. వంతెన మీద బండ్లు నిలిచిపోవడం అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ మాట ఇన్ని నెలలు నిలిచింది. నిజానికి సాయంత్రం ఆమె వచ్చే వేళకు వంతెన ఖాళీగానే ఉంటుంది.

ఇంట్లో అత్తగారు కమ్లి గుమ్మంలోనే అడిగింది, పాల కేంద్రం నుంచి వచ్చినవాణ్ణి అడిగినట్టు: "ఎంతిచ్చిందిరా ఇయ్యాల?"

"పదకొండు, యాడీ." తల్లిని అతను తండా మాటలో యాడీ అనే పిలుస్తాడు.

"పదిహేడు ఇస్తదని చెప్పి అంటగట్టిండు నీకు. రెండు పూటలు పాలు పిండి చూడకుండ బర్రెను కొంటరారా ఎవరన్న? అమ్మేటోడు ముందు పూట పిండకుండ ఆపి, పొదుగు నిండినంక చూపిస్తడు. మీ బాపును ఒక్కడు మోసం చేసిండా? నువ్వేమో ఇంజినీరువి."

బాబూరావు నవ్వలేదు. అతను థర్మల్ స్టేషన్‌లో ఇంజినీరు. బాయిలర్ కట్టినవాళ్లు కాగితం మీద చెప్పిన సామర్థ్యం ఒకటి, అది రోజూ చేసే పని ఒకటి. ఆ రెంటికీ మధ్య తేడా ఎక్కడ పోతున్నదో కనిపెట్టడమే అతని ఉద్యోగం. పొగగొట్టంలో పోయే వేడి ఇంత, బొగ్గులోని తడి తినేది ఇంత, గోడల గుండా పోయేది ఇంత. ప్రతి నష్టానికీ ఒక పేరు పెడతారు. అన్నీ పోగా చివర కొంచెం మిగులుతుంది. దాన్ని లెక్కకు రాని నష్టం అంటారు. అది కొంచెమే ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. పెరిగిందంటే బాబూరావుకు అన్నం సయించదు. ఏదో ఒకటి తనను చూసి నవ్వుతున్నట్టు ఉంటుందతనికి.

ఇప్పుడు అలాంటిది ఇంటి ముందే, తెల్లగా, తోలు సీట్లతో, అద్దాల కప్పుతో నిలబడి ఉంది. క్వార్టర్స్‌లో అంత కారు ఇంకెవరికీ లేదు. ప్లాంటు దగ్గరే కాబట్టి అతను స్కూటరు మీద వెళ్లి, కారు ఆమెకే వదిలేశాడు. మంచి మనిషి. ఆ మంచితనమే జ్యోత్స్నకు చిక్కు.

"ఒక పని చేద్దాం," అన్నాడు అన్నం దగ్గర. "ఖమ్మంల బండి చూపిద్దాం. తప్పు బండిదైతే కొట్లాడుత. నడిపేటోళ్లదైతే కొన్నాళ్లు నేను నడుపుత. నువ్వు కిషన్‌లాల్ వాళ్ల కారుల పో."

కిషన్‌లాల్ ఆమెతో పనిచేసే ఆఫీసరు. పాల్వంచ నుంచి ఇంకో ఇద్దరితో కలిసి కిరాయి కారులో వస్తాడు. అతనికి కడుపులో మాట దాగదు, దారి పొడుగునా మాట్లాడతాడు.

"సరే," అంది జ్యోత్స్న. ఆ కారులో పోతే తన గంట పోతుంది.

మోరంపల్లి బంజర దాటాక, కాగితం మిల్లుకు పోయే జామాయిల్ తోటలు అయిపోయి అసలు అడవి మొదలయ్యే మలుపు ఒకటుంది. రోడ్డు పక్కన ఇప్పచెట్టు. అక్కడినుంచి ఎర్రమట్టి దారి ఒకటి కోయగూడేనికి పోతుంది. సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ జ్యోత్స్న రోజూ ఓ గంటసేపు ఆ చెట్టు కింద కారు ఆపుతుంది. అద్దాలు మూసే ఉంటాయి, ఏసీ నడుస్తూనే ఉంటుంది. సీటు కొంచెం వెనక్కి వాల్చి కూర్చుంటుంది. పాటలు పెట్టదు. ఫోను చూడదు. ఏడవదు కూడా. ఏడిస్తే దానికి ఒక కారణం ఉండేది, ఎవరికైనా చెప్పుకునే వీలుండేది.

మొదటిసారి ఆగింది టైరులో గాలి తక్కువైందని బండి హెచ్చరిస్తేనే. దిగి చూసింది, టైరు బాగానే ఉంది. మళ్లీ ఎక్కి తలుపు వేసుకుంది. తలుపు పడిన ఆ మెత్తటి చప్పుడు తర్వాత ఆమెకు ఒక సంగతి తట్టింది. నలభై ఏళ్లు దాటినా, మూసిన తలుపు వెనక ఒక్కతే ఇంతసేపు ఎన్నడూ కూర్చోలేదు. తండాలో ఒకే గది, అందులో అందరూ. ఆ తర్వాత హాస్టల్ హాలు. ఆ తర్వాత పెళ్లి, క్వార్టరు. క్వార్టరులో ఎప్పుడూ ఎవరో ఒకరు: దవాఖానాకు వచ్చిన చిన్నమామ, కాలేజీ సీటుకు వచ్చిన ఆడబిడ్డ కొడుకు. అందరూ తనవాళ్లే. ఎవరి మీదా కోపం లేదు. కానీ ప్రతి ఒక్కరూ ఆమెను ఒక పేరుతో పిలుస్తారు. మేడం, వదినా, కోడలా, అత్తా. చెట్టు కింద ఇంజను సన్నగా గుయ్యిమంటుంటే ఆ పేర్లు ఒకటొకటే రాలిపోయేవి. చివరికి మిగిలేదానికి పేరు లేదు. ఆ పేరు లేనిదాన్ని చూసుకోవడానికే ఆమె రోజూ ఆగుతుంది.

ఇంజను ఆపితే పెట్రోలు మిగులుతుందని ఆమెకు తెలియక కాదు. బండి నిలబడగానే ఇంజనును తనంతట తానే ఆపే మీట కూడా ఉంది. దాన్నీ రోజూ నొక్కి పనిచేయకుండా చేస్తుంది. ఇంజను ఆగితే తను ఎక్కడో ఆగినట్టు. నడుస్తుంటే ఇంకా దారిలో ఉన్నట్టే. దారిలో ఉన్నవాళ్లను ఎవరూ ఎక్కడ ఉన్నావని నిలదీయరు.

ఒక్కసారే ఎవరో అద్దం మీద తట్టారు. గూడెం ఆడమనిషి, జంపక్క. వెనక ఇంకో ఇద్దరు. జ్యోత్స్న అద్దం దించింది.

"ఏ ఆఫీసమ్మా? ఫారెస్టోళ్లా?"

"కాదక్కా."

"మరి సర్వేనా? పోడు భూములు కొలువనీకి వచ్చినవా?"

"కాదు. ఊరికే కూసున్న."

"ఊరికేనా?"

"అవ్."

జంపక్క వంగి వెనక సీటు చూసింది, ముందు సీటు చూసింది. కొలిచే సామాను ఏదీ లేదు. "అట్లనా. కూసో మరి," అని వెనకవాళ్లతో కోయలో ఏదో అంది. వాళ్లు తలలూపారు.

"ఏమన్నవక్కా?"

"ఊరికే కూసున్నదంట, పిలగాండ్లను ఇటు రానీకుండ్రి అన్న."

అంతే. ఆ తర్వాత ఎవరూ తట్టలేదు. మేకలు తోలుకుపోయేవాళ్లు కూడా చెట్టును చుట్టి పోయేవారు. ఊరికే కూర్చోవడం అనేది ఒక పనిగా, తగినంత కారణంగా వాళ్లకు సరిపోయింది. అది ఎందుకు సరిపోయిందో జ్యోత్స్న చాలా రోజులు ఆలోచించింది. తన ఇంట్లో అది ఎందుకు సరిపోదో మాత్రం ఆలోచించనక్కర లేకపోయింది.

ఖమ్మం సర్వీసు సెంటర్లో కోటేష్ అనే టెక్నీషియన్ వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని, ట్యాంకు నింపించి, నేలకొండపల్లి దాకా నడిపి తిరిగి వచ్చాడు. ఏసీ ఆపేశాడు. అరవై దాటలేదు. కాలు కింద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కాడు.

"పదిహేనున్నర," అన్నాడు మళ్లీ ట్యాంకు నింపాక. "బండికి ఏం కాలే సార్."

"పదిహేడు ఏదయ్యా?"

"పదిహేడు ల్యాబులది సార్. అక్కడ ఎదురుగాలి ఉండదు, గతుకు ఉండదు, ఏసీ ఉండదు, అడ్డం బర్రె రాదు. ఆ నంబరు రోడ్డు మీద నేను కూడ చూడలే."

"మా అమ్మ గూడ గిదే చెప్పింది," అన్నాడు బాబూరావు. అప్పటికే వేళ్లు మడుస్తున్నాడు. "ఏసీకి ఒకటి తియ్యి. సారపాక లారీల వెనక పోవుడుకు అర తియ్యి. పద్నాలుగు. పదకొండు వస్తున్నది. ఈ మూడు ఎటు పోయినయ్?"

కోటేష్ తల గోక్కున్నాడు. "బండి ఎక్కడన్న నిలబడి నడుస్తదా సార్? నిలబడ్డ బండికి మైలేజీ సున్నా."

"బ్రిడ్జి మీద," అన్నాడు బాబూరావు భార్య తరఫున.

"బ్రిడ్జి మీద ఎంతసేపు నిలబడ్తది సార్..." అని కోటేష్ లోపలి అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. జ్యోత్స్న కళ్లు తగలగానే చూపు మీటర్ల మీదికి మార్చాడు. "టైర్ల గాలి చెక్ చేస్త సార్," అని దిగిపోయాడు.

తిరుగుదారిలో బాబూరావు తీర్పు చెప్పాడు. శనివారం సెలవు పెడతాడు. ఆమెతో పాటు పోయి, ఆమెతో పాటు వస్తాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆమే నడపాలి, రోజూ ఎట్లా నడుపుతుందో అట్లనే. "నిన్ను తప్పు పడ్తలేను. చూద్దామని. కిషన్‌లాల్‌కు మాత్రం సోమవారం నుంచి ఒక సీటు ఉంచుమని చెప్పిన, పనికొస్తది."

చెప్పేస్తే సరిపోయేది. ఆమె నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతను ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. ఒకసారి, చాలా ఏళ్ల క్రితం, ఇంట్లో సందడికి తల నొస్తున్నదని అంది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చిన చుట్టాలను లాడ్జికి పంపించాడు. అత్తగారు అలిగి అన్నం మానేసింది. జ్యోత్స్న పడకగదిలో పడుకుంటే, అతను కొంతసేపటికొకసారి తలుపు తోసి, "ఇప్పుడు మంచిగున్నదా?" అని అడుగుతూనే ఉన్నాడు. ప్రేమతోనే అడిగాడు. అడిగి తీసుకున్న ఏకాంతానికి గుమ్మం దగ్గర ఒక కాపలా ఉంటుందని ఆమెకు ఆ రోజే అర్థమైంది.

శనివారం పొద్దున ట్యాంకు నింపి బయలుదేరారు. అతను పక్క సీట్లో కూర్చుని ఆమె కాలును చూశాడు, స్పీడు ముల్లును చూశాడు, రోడ్డును చూశాడు. భద్రాచలంలో ఆమె బ్యాంకులో ఉన్నంతసేపూ గోదావరి ఒడ్డున తిరిగి, సాయంత్రం వచ్చి ఎక్కాడు.

వంతెన ఖాళీగా ఉంది.

"ఇయ్యాల జామ్ లేదు," అన్నాడు.

"ఇయ్యాల లేదు," అంది.

సారపాక దాటారు. మోరంపల్లి బంజర దాటారు. మలుపు దగ్గర ఆమె కాలు ఆమెను అడగకుండానే యాక్సిలరేటరు మీది నుంచి లేచింది. బండి మెత్తగా నెమ్మదించింది. వేలు సిగ్నలు మీటను వెతుక్కుంది. ఆమె తనను తాను పట్టుకుని మళ్లీ తొక్కింది. తొక్కిన మరుక్షణమే గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చింది.

రోడ్డుకు అడ్డంగా తాడు. రెండు వైపులా ఆడవాళ్లు. అందరివీ ఒకే రంగు చీరలు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని పాడుతున్నారు. వానలు మొదలై విత్తనాలు పడే ముందు కోయగూడేల్లో భూమి పండుగ చేస్తారు. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డు మీద బండ్లు ఆపి పండుగ ఖర్చుకు తలా కొంచెం అడుగుతారు.

"ఇంజను ఆపు జ్యోత్స్నా, లెక్క పాడైతది," అన్నాడు బాబూరావు జేబులో చెయ్యి పెడుతూ.

ఆమె ఆపింది. ఇన్ని నెలల్లో ఆ చోటును ఇంజను లేకుండా ఆమె వినడం అదే మొదటిసారి. పాట, దాని కింద కీచురాళ్లు, ఎక్కడో మేక.

అద్దం దిగగానే జంపక్క వంగి చూసింది. ముఖం విప్పారింది.

"ఓ, మన మేడమే! రోజు తాడు లేకుండనే ఆగుతవ్. ఇయ్యాల తాడేసినా ఆగేటట్టు లేవు, ఏంది?"

వెనక ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

బాబూరావు చేతిలో నోటు అట్లాగే ఉంది. "రోజూనా?"

"రోజు సారూ. గా ఇప్పచెట్టు కింద. బండి గుయ్యిమంట ఉంటది, మేడం లోపల ఉంటది. పొద్దుగూకంగ పోతది."

"ఎందుకు?" అతను అడిగింది జంపక్కనే. భార్య వైపు చూడలేదు.

"ఊరికే."

"ఊరికే ఏంది?"

"ఊరికే అంటే ఊరికేనయ్యా! నువ్వెప్పుడు కూసోవా?"

జంపక్క పక్కనున్న పడుచు, భవాని, అతన్ని పైకీ కిందికీ చూసింది. "కూసునేటోని లెక్క లేడక్కా. ఏటకు పోయేటోని లెక్క ఉన్నడు. ఏం ఏట సారూ?"

అబద్ధం ఆడటం రాక బాబూరావు, "మైలేజీ," అన్నాడు.

"అదెట్లుంటది? కుందేలంత ఉంటదా?"

"దొరకక ఉత్తచేతుల వస్తె మా మొగోళ్లకు పేడనీళ్లు పోస్తం," అంది ఇంకొకామె. "నీకు గూడ పొయ్యాల్నా?"

బాబూరావు నోటు జంపక్క చేతిలో పెట్టాడు. తాడు కిందికి జారింది. పాట మళ్లీ మొదలైంది. జ్యోత్స్న ఇంజను వేసి ముందుకు కదిలింది.

చాలా దూరం అతని పెదవులు లెక్క కడుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. తర్వాత అడిగాడు.

"ఏసీ వేసుకునేనా?"

"అవ్."

"గంట ఉంటవా?"

"అటిటు గంట."

"గంటకు లీటరుంబావు తాగుతది..." కళ్లు మూసుకుని తెరిచాడు. "కుదిరింది. జ్యోత్స్నా, సరిగ్గ మూడు! బండి తప్పు లేదు. బండిది ఏం తప్పు లేదు!"

నిజంగా సంతోషించాడు. పోయిన వస్తువు దొరికినవాడి ముఖం. ఆ నవ్వు అట్లాగే కొంతదూరం వచ్చింది. తర్వాత దానికి ఏ పనీ లేనట్టయింది. మెల్లగా దిగిపోయింది. అతను ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నష్టం ఎంతో తెలిసింది. దాన్ని ఏ పేరు కింద వేయాలో తెలియడం లేదని జ్యోత్స్నకు అర్థమైంది.

"ఇంట్ల..." అని మొదలుపెట్టాడు.

"ఇంట్ల ఏం లేదు."

"నేను ఏమన్న..."

"నువ్వు గూడ ఏం చెయ్యలే. ఊరికే."

పెద్దమ్మ గుడి దాటాక మళ్లీ అడిగాడు. గొంతులో కోపం లేదు. "మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఏదో ఒకటి చేస్తవ్."

అతను ఆ మాటను కొంచెంసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కాదనలేదు.

పాల్వంచ బంకులో అదే గన్ను దగ్గర ఆమె బండి ఆపింది. బంకులో పనిచేసే లాలుకు వాళ్ల సంగతి తెలుసు. అడగకుండానే నాజిల్ పెట్టి, "టక్కుమన్నంక ఆపుత సార్, తెలుసు," అన్నాడు.

బాబూరావు దిగి నిలబడ్డాడు. ఫోను చేతిలోకి తీసి, మళ్లీ జేబులో పెట్టాడు. మీటరు సున్నా చూపిస్తోంది.

"ఫుల్లు వద్దు. మూడొందలకు కొట్టు."

"మూడొందలకా సార్?" లాలు ఆమె వైపు చూశాడు, తప్పు విన్నానా అన్నట్టు.

"మూడొందలకే."

ట్యాంకు నిండకపోతే భాగహారం లేదు. ఈ వారం లెక్క లేదు. వచ్చే వారం లెక్క కూడా ఉండదు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియదు కాబట్టి. జ్యోత్స్న స్టీరింగు మీద చేతులు ఉంచుకుని అద్దంలోంచి అతని వీపును చూస్తూ ఉండిపోయింది. అతను దూరంగా నిలబడి ఫోనులో ఎవరితోనో, "సీటు వద్దులే కిషన్‌లాల్, మా కారే బాగున్నది," అంటున్నాడు.

ఆమెకు తేలికగా అనిపించింది, పూర్తిగా కాదు. సోమవారం ఆ చెట్టు కింద ఆగుతుంది. కానీ పక్క సీటు మునుపటంత ఖాళీగా ఉండదు. సంగతి తెలిసినవాడు కొంత అక్కడ కూర్చునే ఉంటాడు, మాట్లాడకుండా. దానికి అలవాటు పడగలదా లేదా అన్నది ఆగి చూస్తేగాని తెలియదు.

ఇంటి గుమ్మంలో కమ్లి కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల ఎవరో కొత్త చుట్టాల చెప్పులు.

"ఎంతిచ్చిందిరా ఇయ్యాల? ఇద్దరు గలిసి పోయిన్రు గద, ఏం తేలింది?"

జ్యోత్స్న చెప్పులు విప్పుతూ ఆగింది.

"లెక్క తియ్యలే, యాడీ," అన్నాడు బాబూరావు.

"ఎందుకు తియ్యలే?"

"బ్రిడ్జి మీద జామ్."

"రోజూ జామేనా ఆ బ్రిడ్జి మీద?"

"రోజూ," అని బాబూరావు లోపలికి పోయాడు.